ఇరవై రెండు నిమిషాల దారి

“ఇంకోసారి చెప్పండి. కేక వినపడినప్పుడు మీరెక్కడున్నారు?”

కళ్లజోళ్ల షాపు యజమాని తల ఎత్తలేదు. చేతిలో ఉన్న ఫ్రేమును మెత్తటి గుడ్డతో తుడుస్తూనే జవాబిచ్చాడు.

“కోటలో, ధాన్యపు కొట్టు దగ్గర. శిథిలాల ఫొటోలు తీసుకుంటున్నాను. రెండేళ్ల కిందటా అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.”

“టైమెంత?”

“తొమ్మిదీ ఇరవై. పక్కనే గుర్రపుశాలలో ఆరుగురు టీచర్లు అలుపు తీర్చుకుంటున్నారు. వాళ్లూ విన్నారు. తొమ్మిదీ ఇరవై ఐదుకి నేను వాళ్ల ముందుకొచ్చి ఏమైందని అడిగాను. ఆరుగురూ కోర్టులో సాక్ష్యం చెప్పారు కదా.”

“కొట్టుకీ గుర్రపుశాలకీ మధ్య యాభై అడుగులు కూడా లేవు. ఐదు నిమిషాలెందుకు పట్టింది?”

“కెమెరా స్టాండు సర్దుకోవాలి కదండీ.”

“భార్య కేక పెడితే స్టాండు సర్దుకున్నారా?”

గుడ్డ ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ అద్దం మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

“ఎవరో ఆడమనిషి అరిచిందనుకున్నాను. మా ఆవిడనుకోలేదు. అయినా నన్నడుగుతారేంటండీ? కొట్టు నుంచి బురుజుకి ఇరవై రెండు నిమిషాల నడక, వేరే దారి లేదు, స్వయంగా నడిచి చూశాను అని రిపోర్టులో రాసింది మీరే కదా?” ఫ్రేమును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దానిలోంచి ఎదుటి మనిషిని చూశాడు. “కొండ మీద గాలి భలే ఉంటుంది సార్. ఒక్కసారైనా ఎక్కి చూడాల్సింది.”

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌కు చెవులు వేడెక్కాయి. లేచి బయటికొచ్చేశాడు.

పోలీసు డిపార్టుమెంటులో ఈ డిటెక్టివ్‌ని నిమిషాలయ్య అనేవారు. ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నంతకాలం ఆయన రిపోర్టులో గంట అనే మాట ఉండేది కాదు, అన్నీ నిమిషాల్లోనే. ఎంత గడుసు నేరస్తుడినైనా ‘ఆ పదకొండు నిమిషాలూ ఏం చేశావు?’ అంటూ కూలదోసేవాడు. నిరుడు రిటైరయ్యాక చిన్న గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టాడు. ఆ గదిలోకి పది రోజుల కిందట ఒక నర్సు వచ్చింది. కొండ గైడ్ కూతురు.

రెండేళ్ల కిందట కళ్లజోళ్లాయన, ఆయన భార్య ఆ గైడ్‌తో కలిసి కోట చూడ్డానికి వెళ్లారు. పోనూ రానూ అడవిలో సగం రోజు నడక. పైన బురుజు మీంచి భార్య పడి చనిపోయింది. ఆమె మెడలో గొలుసు తెగి ఉంది. భర్త ఇరవై రెండు నిమిషాల దూరంలో ఉన్నాడు కాబట్టి ఆమె పక్కన ఉండగలిగింది గైడ్ ఒక్కడేనని, గొలుసు లాగబోతే పెనుగులాటలో పడిపోయిందని కోర్టు నమ్మింది. గైడ్‌కు పదేళ్లు వేసింది. అప్పీలు వచ్చే సోమవారం.

“మా నాన్న మొదట్నించీ ఒకటే మాట సార్,” అని చెప్పింది నర్సు ఆ రోజు. “వాగు నుంచి నీళ్లు తెమ్మని కళ్లజోళ్లాయన తనని కిందికి పంపించాడట. బురుజులో దిడ్డి ఉంది, ఆయన అందులోంచి దిగుంటాడని కూడా చెప్పాడు. కోటగోడలో మనిషి పట్టేంత చిన్న వాకిలి సార్, లోపల మెట్లుంటాయి. చిన్నప్పుడు నేను దిగాను కూడా. కానీ లాయరుగారు మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే అక్కడ వట్టి గోడే ఉందట. కూతుర్ని కాబట్టి నా మాట ఎవరూ నమ్మలేదు.”

“మరి నా దగ్గరికే ఎందుకొచ్చావమ్మా? మీ నాన్నని అరెస్టు చేసిందే నేను.”

“అందుకే వచ్చాను. మీరు గుండుసూది పడినా వదలరని అందరూ అంటారు. అలాంటి మీరు పైకెళ్లి కూడా దిడ్డి కనపడలేదంటే, మీరు వెళ్లేలోపే ఎవరో మూసేసుండాలి. మిమ్మల్ని కూడా మోసం చేశారు సార్.”

ఆ నమ్మకమే నిమిషాలయ్యను పది రాత్రులు పడుకోనివ్వలేదు.

* * *

మర్నాడు పొద్దున్న ఆరున్నరకు అటవీశాఖ చెక్‌పోస్టు రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకాలు పెట్టారు. మొదటి రెండు వరుసలూ వాళ్లవే. అప్పటికి వేరే ఎవరూ రాలేదు.

నర్సు ముందు నడుస్తోంది. పసుపుపచ్చ చున్నీ నడుముకు బిగించి కట్టింది. వెనకాల నిమిషాలయ్య ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో చిన్న నోటుబుక్కు పట్టుకుని, ఆగిన ప్రతిచోటా టైము రాసుకుంటున్నాడు. వాగు ఏడూ ఐదు. వెదురుపొద దగ్గర మలుపు ఏడూ ఇరవై. రాతి మెట్లు మొదలైంది ఏడూ ముప్పై ఎనిమిది. రాళ్ల మధ్య నాచు మీద పొద్దుటి ఎండ పడుతోంది. పిట్టలు ఒకటే గోల. మామూలుగా వచ్చిన మనిషికైతే ప్రాణం లేచొచ్చే దారి. నిమిషాలయ్యకు మాత్రం ప్రతి మలుపూ ‘నువ్వెవరు, నిన్నెప్పుడూ చూళ్లేదే’ అని అడుగుతున్నట్టుంది.

“ఇక్కణ్నుంచి కుడి పక్కకే కదా సార్, మీకు గుర్తుందా?” అంది నర్సు, రెండు దారులు చీలిన చోట.

ఆయన తల ఊపాడు. ఎటో తెలియక ఊపిన తల అది.

ఆమె ఎడమకు తిరిగింది. “సారీ సార్, నేనే మర్చిపోయాను. ఎడమే.”

ఆయన ముఖం కిందికి దించుకుని నడిచాడు.

ఏడూ యాభై ఐదుకు గుర్రపుశాల చేరారు. పైకప్పు లేదు, రాతి తొట్లు వరసగా మిగిలాయి. దాని వెనకే ధాన్యపు కొట్టు. అక్కణ్నుంచి దారి కొండ చుట్టూ తిరిగి బురుజుకు పోతుంది. నర్సు చకచకా నడిచి సరిగ్గా ఇరవై రెండు నిమిషాల్లో చేరింది. మోకాళ్ల నొప్పులతో ఆయనకు ముప్పై ఒకటి పట్టింది.

బురుజు అంచుకు వెళ్లి కిందికి చూసిన నిమిషాలయ్య అలాగే నిలబడిపోయాడు.

కొండ ఆ వైపు నిట్టనిలువుగా ఉంది. లోయ అవతల చీమంత చెక్‌పోస్టు కనిపిస్తోంది. ఎడమ పక్కకు వంగి చూస్తే, కాళ్ల కిందే అన్నట్టు, నాలుగైదు తాటిచెట్ల లోతులో ధాన్యపు కొట్టు మొండిగోడలు. అరగంట నడిచి దూరమైన చోటు అరచేతిలో పెట్టినట్టుంది. యుద్ధమొస్తే బురుజు మీది సిపాయిలకు తిండిగింజలు కొండ చుట్టూ తిప్పి మోసుకొస్తారా? కోట కట్టినవాడు వెర్రివాడా? లోపలి నుంచి దారి ఉండి తీరాలి. ఈ అంచున ఒక్క నిమిషం నిలబడిన ఏ పోలీసుకైనా రావాల్సిన మొదటి అనుమానం అది.

“దిడ్డి ఇక్కడే ఉండాలి సార్.” నర్సు బురుజు లోపలి గోడను తడుముతోంది. అక్కడ మూడడుగుల వెడల్పున రాళ్లు చుట్టుపక్కల రాళ్లంత నల్లగా లేవు. మధ్యలో సున్నం ఇంకా తెల్లగానే ఉంది.

నిమిషాలయ్య కర్రతో కొట్టాడు. పాత గోడ ‘టక్’ మంది. ఈ భాగం ‘ఢబ్’ మంది. పైన చెయ్యి పట్టేంత సందు ఉంది. టార్చి వేసి చూశాడు. చీకట్లోకి మెలికలు తిరుగుతూ మెట్లు. ఒక గులకరాయి లోపల వేశాడు. అది ఒక్కో మెట్టే గెంతుకుంటూ చాలాసేపు దిగింది.

“నువ్వు చిన్నప్పుడు ఎంతసేపట్లో దిగేదానివి?”

“నాన్న దారెంట పరిగెత్తేవాడు, నేను దిడ్డిలోంచి దిగేదాన్ని. నేను కొట్టు గోడెక్కి కూర్చుని, చెప్పుల్లో రాళ్లు దులుపుకుని, పాట కూడా పాడుకునేదాన్ని. నాన్న అప్పుడొచ్చేవాడు.” నవ్వబోయి ఆగిపోయింది. “నాలుగు నిమిషాలు సార్. ఎక్కువంటే ఐదు.”

తొమ్మిదీ ఇరవైకి కేక. తొమ్మిదీ ఇరవై ఐదుకి గుర్రపుశాల. స్టాండు సర్దుకోవడానికి పట్టిందన్న ఐదు నిమిషాలు ఎక్కడివో తేలిపోయింది.

“సార్, ఇది చూడండి!” నర్సు గోడ కింది వరసలో మట్టి గీకుతోంది. జానెడు పాలరాతి పలక బయటపడింది. “‘నా అర్ధాంగి జ్ఞాపకార్థం, సందర్శకుల క్షేమం కోరి ఈ గోడను బాగుచేయించినది...’ ఆయన పేరే సార్! ఆయనే మూయించాడు! తేదీ కూడా ఉంది. ఇరవై నాలుగో తేదీ, అదే నెల, అదే సంవత్సరం!”

“ఆవిడ పోయింది ఐదో తేదీ,” అన్నాడు నిమిషాలయ్య.

“పంతొమ్మిది రోజుల తర్వాత! ఇంక ఆయన తప్పించుకోలేడు సార్. ఇది చాలు, మా నాన్న...”

ఆమె మాట అక్కడ తెగిపోయింది. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. మెల్లిగా లేచి నిలబడి ఆయన వైపు తిరిగింది.

“మీరొచ్చింది ఐదో తేదీనే కదా సార్?”

“ఊఁ.”

“అంటే అప్పటికి దిడ్డి తెరిచే ఉంది.”

నిమిషాలయ్య కర్ర మీద రెండు చేతులూ వేసుకుని నిలబడ్డాడు. పొదలు అడ్డం ఉన్నాయనొచ్చు. చీకటిగా ఉందనొచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది కూడా. పది రోజులుగా ఆ అబద్ధాన్ని తనే తయారు చేసి ఆయన చేతిలో పెట్టింది పాపం. ఆయన చెయ్యాల్సిందల్లా ఒక్కసారి తల ఊపడం. చీలిన దారి దగ్గర ఊపినట్టు.

“నేను కొండెక్కలేదమ్మా,” అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

“ఆ రోజు మధ్యాహ్నం నాకు సన్మానం ఉంది. ఉత్తమ దర్యాప్తు అధికారి పతకం. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కొత్త యూనిఫారం వేసుకొచ్చాను. శవం కింద లోయలోనే దొరికింది. పైకెక్కితే చెమటకి బట్టలు పాడవుతాయి, టైముకి అందుకోలేననుకున్నాను. చెక్‌పోస్టులో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఆ కుర్చీ తెచ్చి వేసింది కూడా కళ్లజోళ్లాయనే. ‘కొట్టు నుంచి బురుజుకి ఎంతసేపు పడుతుంది, ఓ ఇరవై నిమిషాలా?’ అని నేనే అడిగాను. ‘ఇరవై రెండు సార్’ అన్నాడు. ‘వేరే దారి ఉందా?’ ‘లేదు సార్.’ రాసుకున్నాను. స్వయంగా నడిచి చూశానని కింద సంతకం పెట్టాను.”

గాలికి పసుపుపచ్చ చున్నీ కొస ఎగిరి ఆమె ముఖం మీద పడింది. ఆమె తీసుకోలేదు.

“మర్నాడు స్టేషన్లో మా నాన్న దిడ్డి ఉందని చెప్పాడా, లేదా?”

“చెప్పాడు.”

“అప్పుడైనా ఎక్కచ్చుగా?”

“ఎక్కితే ముందురోజు ఎక్కలేదని బయటపడుతుంది. కథలు చెప్పకని కసిరాను.” ఆయన చూపు నేల మీద నుంచి లేవలేదు. “ఆ పొద్దున్నే పతకం ఫొటో పేపర్లో వచ్చింది. అది ఇప్పటికీ మా ఇంట్లో ముందుగదిలో ఉంది.”

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండును. ఆమె పాలరాతి పలక పక్కన కూలబడి, మోకాళ్లు చేతుల్తో చుట్టుకుంది.

“మా నాన్నకి జైల్లో పళ్లు ఊడిపోయాయి సార్,” అంది చివరికి. “ఇప్పుడు మాట్లాడితే సగం అర్థం కాదు. ములాఖత్‌కి వెళ్లినప్పుడల్లా మీ గురించే అడుగుతాడు. ‘ఆయన మంచివాడేనమ్మా, ఆయనకి దిడ్డి ఎందుకు కనపడలేదో’ అని.”

నిమిషాలయ్యకు నిలువునా తల కొట్టేసినట్టయింది.

“సోమవారం కోర్టులో ఇదంతా నేనే చెబుతాను. పద తల్లీ, దిగుదాం.”

“మీరెళ్లండి.”

“ఒక్కదానివే ఇక్కడ...”

“మీతో కలిసి ఆ దారెంట నడవలేను సార్. కాసేపు కూర్చుని వస్తాను. ఈ కొండ నాకు కొత్త కాదు.”

ఆ మాటకు ఎదురు చెప్పే అర్హత ఉందనిపించలేదు ఆయనకు. పలకకూ గోడకూ ఫొటోలు తీసుకుని, తొమ్మిదిన్నరకు ఒంటరిగా దిగడం మొదలుపెట్టాడు. గుర్రపుశాల, మెట్లు, వెదురుపొద, వాగు, అన్నీ తల వంచుకునే దాటాడు. దారిలో ఒక్క మనిషీ ఎదురవలేదు. ఎదురైనా తలెత్తి పలకరించే ముఖం లేదు.

* * *

చెక్‌పోస్టు ముందు జీపు ఆగి ఉంది. బానెట్‌కు ఆనుకుని ఇన్‌స్పెక్టర్ నిలబడింది. రెండేళ్ల కిందట ఆమె నిమిషాలయ్య దగ్గర ఎస్సై. ఇప్పుడు ఆ స్టేషన్ ఆమెదే. ఆయన ఒప్పుకున్న ప్రతి ప్రైవేటు కేసుకూ అడ్డం పడేదీ ఆమే.

“నిన్న కళ్లజోళ్లాయన నాకు కంప్లెయింట్ ఇచ్చాడు. మీరు షాపుకెళ్లి వేధించారట,” అంది. “మీ మోకాళ్లతో ఎక్కారంటే నమ్మలేకపోతున్నాను సార్.”

“అప్పుడెక్కాల్సింది ఇప్పుడెక్కాను.”

ఆయన చెక్‌పోస్టు బల్ల దగ్గర కూర్చుని, నోటుబుక్కులో ఒక కాగితం చింపి రాయడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలే. సంతకం పెట్టి ఆమె ముందుకు జరిపాడు. ఆమె చదివింది. ముఖం మాడిపోయింది.

“ఇది చించేయండి.”

“చించను.”

“పోనీ ఇలా రాయండి. దిడ్డికి పొదలు అడ్డమున్నాయి, కనపడలేదు. పొరపాటు. గైడ్ బయటికొస్తాడు, మీ పరువూ దక్కుతుంది. పాము చావకుండా కర్ర విరగకుండా.”

“పొదలు ఉన్నాయో లేవో నాకెలా తెలుసు? మళ్లీ చూడని దాన్ని చూశానని రాయమంటావా?”

“మీకేం సార్! ఇంట్లో కూర్చుని పెన్షన్ తీసుకుంటూ ఇప్పుడు నీతి గుర్తొచ్చింది.” ఆమె గొంతు పెరిగింది. “నాకింకా పద్దెనిమిదేళ్ల సర్వీసుంది. ఆ రిపోర్టులో రెండో సంతకం ఎవరిది? నాది! ‘నేనెక్కి చూసొస్తాను సార్’ అని నేనడిగానా లేదా? ‘నువ్వెందుకు బూట్లు బురద చేసుకుంటావ్, పెట్టు సంతకం’ అన్నారా లేదా?”

“అన్నాను. అదీ రాశాను. కింద చూడు. నువ్వు అడిగావని, నేనే వద్దన్నానని.”

ఆమె మళ్లీ కాగితం వైపు చూసింది. ఈసారి చదవడానికి చాలాసేపు పట్టింది.

“అడిగాను, కానీ ఎక్కలేదు కదా సార్,” అంది, కోపమంతా దిగిపోయిన గొంతుతో. “మీరు సన్మానానికి వెళ్లిపోయాక జీపులో ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరాపారు నన్ను? ఆ గైడ్‌కి బేడీలు వేసింది నేనే.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చెక్‌పోస్టు వాచర్ ఇబ్బందిగా దగ్గి, రిజిస్టర్ ముందుకు తోశాడు.

“తిరిగొచ్చిన టైము వేసి సంతకం పెట్టండి సార్.”

నిమిషాలయ్య కలం తీసుకుని తన వరుస వెతికాడు. తిరుగు టైము గడిలో పదకొండూ పది అని వేశాడు. రెండో వరుస నర్సుది, ఆ గడి ఖాళీ. దాని కింద మూడో వరుస ఉంది. పొద్దున్న లేని వరుస.

ఎనిమిదీ యాభై ఐదు. కళ్లజోళ్ల వ్యాపారం. ఒక్కరు. తిరుగు టైము ఖాళీ.

“ఇతనెప్పుడొచ్చాడు?”

“మీరెళ్లాక సార్. మీతో అమ్మాయి కూడా వెళ్లిందా అని అడిగాడు. అవునన్నాను.”

నిమిషాలయ్య నోటుబుక్కు తెరిచాడు. ఎనిమిదీ యాభై ఐదుకి బయల్దేరినవాడు మామూలు నడకతో పదింటికి అటూ ఇటూ గుర్రపుశాల దగ్గరుండాలి. తను దిగుతూ గుర్రపుశాల దాటింది పదీ రెండుకు. ఉన్నది ఒకటే దారి. దిడ్డి మూసేసి ఉంది. ఎదురుపడి తీరాలి.

ఎదురవలేదు.

“దాక్కున్నాడు,” అన్నాడు. “నేను ఒక్కణ్నే దిగడం చూశాడు. నన్ను పోనిచ్చాడు.”

ఇన్‌స్పెక్టర్ వాచర్ దగ్గరున్న దుర్భిణీ లాక్కుని బురుజు వైపు తిప్పింది. నిమిషాలయ్యకు దుర్భిణీ అక్కర్లేకపోయింది. లోయ అవతల, అంత ఎత్తున, ఎండలో చిన్న పసుపుపచ్చ చుక్క. పలక దగ్గర కాదు. అంచున కూర్చుని ఉంది, ఇటు ముఖం పెట్టి.

“వెనకాల ఎవరో ఉన్నారు సార్,” అంది ఆమె. “గోడ నీడలో. ఆ పిల్ల చూడట్లేదు.”

నిమిషాలయ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గొంతు చీరుకుపోయేలా అరిచాడు. లోయ ఆ అరుపును మింగేసింది. చుక్క కదల్లేదు.

దుర్భిణీ బల్ల మీద పడేసి ఇన్‌స్పెక్టర్ అప్పటికే దారిలోకి ఉరికింది. వయసులో ఉంది, ఊపిరి బిగబట్టి పరిగెత్తినా యాభై నిమిషాలు. నిమిషాలయ్య కర్ర అక్కడే వదిలేసి ఆమె వెనకాల పరిగెత్తాడు.